సముద్రం ఖాళీ అయితే మా బుట్ట వైపు చూస్తారేంది?

పోస్టు పెద్దది. సగం చదివి చప్పట్ల బొమ్మ పెట్టి వెళ్లిపోవద్దు. మొత్తం చదివి తిట్టినా మంచిదే. హాస్టల్లో మా గదివాళ్లం, పక్క గదివాళ్లం రెండు రాత్రులు వాదించుకొని రాసింది కాబట్టి "మేము" అనే రాస్తున్నాం. మాలో ఎక్కువమందిమి పులికాట్ సరస్సు చుట్టుపక్కల యానాది కాలనీల నుంచి వచ్చినోళ్లం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పోయిన వారం మా కాలేజీలో ఒక క్లాసు పెట్టారు. బయట్నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. సముద్రంలో చేపలు అయిపోతున్నాయి, కాబట్టి మనం తినే చేపను తెలివిగా ఎంచుకోవాలి అనేది అంశం. స్క్రీన్ మీద బొమ్మలు బాగున్నాయి. చివర్లో అందరికీ ఒక కార్డు ఇచ్చారు. దాని మీద పచ్చరంగులో ఉన్న చేపలు తినొచ్చు, పసుపురంగువి ఆలోచించి తినాలి, ఎర్రరంగువి తినకూడదు. తర్వాత ఒక ఫారం నింపమన్నారు. "మీరు వారానికి ఎన్నిసార్లు చేపలు కొంటారు?" "ఎక్కడ కొంటారు: సూపర్ మార్కెట్, ఆన్‌లైన్, చేపల మార్కెట్?" "హోటల్లో చేప ఆర్డర్ ఇచ్చేముందు దాన్ని ఎట్లా పట్టారో అడుగుతారా?"

మా బెంచీలో ముగ్గురం యానాది పిల్లలం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కొనే గడిలో ఏం రాయాల? మా ఇళ్లలో చేప కొన్న రోజు మాకు గుర్తులేదు. దొరికితే తింటాం, దొరక్కపోతే చింతపండు చారు. బాగా దొరికిన రోజు అమ్ముతాం, ఆరోజు కూడా మాకు చారే. ఫారంలో "పట్టుకుంటాం" అనే గడే లేదు. హాస్టల్ మెనూలో గుడ్డు ఉంది, వారానికోసారి చికెన్ ఉంది, చేప లేదు. చేప ఎట్లా పట్టారని వార్డెన్ సార్‌ని అడగాలేమో అని మావాడొకడు అన్నాడు. వెనక బెంచీలన్నీ నవ్వాయి. మేడం గారు నొచ్చుకున్నారు.

నవ్వడం మా తప్పే. మేడం మంచి మనిషి, ఆమె చెప్పింది అబద్ధమని మేము అనడం లేదు. ప్రపంచంలో లెక్కగట్టిన చేపల నిల్వల్లో మూడో వంతుకు పైగా, తిరిగి పుట్టే దానికంటే ఎక్కువగా పట్టేస్తున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నివేదికలే చెప్తున్నాయి. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ కాడ్ చేప కథ కూడా ఆమె చెప్పారు. వందల ఏళ్లు ఎందరినో బతికించిన చేప అది. తగ్గి తగ్గి చివరికి 1992లో ప్రభుత్వం వేటనే ఆపేయాల్సి వచ్చింది. 30 వేల మందికి పైగా పని పోయింది. ముప్పై ఏళ్లు గడిచినా ఆ చేప పాత స్థాయికి రాలేదు. ఇదంతా నిజం. అయితే ఆమె చెప్పని ముక్క ఒకటుంది. ఆ సముద్రాన్ని ఊడ్చింది ఒడ్డున చిన్న పడవలేసుకునే ఊరోళ్లు కాదు. 1950, 60 ల నుంచి దూరదేశాల నుంచి వచ్చిన ఫ్యాక్టరీ ఓడలు, తర్వాత సొంత దేశపు పెద్ద ట్రాలర్లు. చేప పోయాక పెద్ద కంపెనీలకు వేరే వ్యాపారాలున్నాయి, ఊరోళ్లకు ఏముంది?

మా గొడవంతా ఆ ముక్క గురించే. పాఠంలో "మనం ఎక్కువ పట్టేస్తున్నాం", "మనం ఎక్కువ తినేస్తున్నాం" అని ఉంది. ఎవరా మనం?

మాలో ఒకడి అవ్వ గురించి చెప్తాం. ఆమెకు డెబ్బై దాటింది. తెల్లారకముందే మోకాలి లోతు నీళ్లలో దిగుతుంది. తాటాకు బుట్ట నోట కరిచి పట్టుకొని, వంగి, రెండు చేతులతో బురద తడుముతూ రొయ్యలు ఏరుతుంది. వల లేదు, పడవ లేదు, ఇంజను లేదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే పసుపు రాసుకొని మళ్లీ దిగుతుంది. నాలుగు గంటలు వంగితే బుట్ట అడుగు నిండుతుంది. ఆ రొయ్యను ఒడ్డు మీద కొనే ఆసామి చెప్పిందే ధర. అప్పు ఇచ్చిందీ ఆయనే కాబట్టి తూకం మీద నోరెత్తే పని లేదు.

ఇప్పుడు ఈమెనూ, సముద్రం అడుగును గొలుసుతో ఈడ్చుకుపోయే ట్రాలర్‌నూ ఒకే "మనం"లో పెడితే ఎట్టా? ట్రాలు వల రొయ్య కోసం వేస్తారు. రొయ్యతో పాటు పిల్ల చేపలు, పీతలు, నత్తలు, అడుగున ఉండేదంతా వస్తుంది. తాబేళ్లూ వస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన తీరానికి చచ్చి కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను చూసినవాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. వాటిని మా అవ్వ బుట్ట చంపిందా?

చట్టం లేక కాదు. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లోనే వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు, అది తెప్పలోళ్లది, చిన్న పడవలోళ్లది. మరి నెల్లూరు తీరంలో రాత్రిపూట ఒడ్డుకు దగ్గరగా వెలిగే ఆ లైట్లు ఏంది? పక్క రాష్ట్రం నుంచి వచ్చే సోనా బోట్ల మీద మత్స్యకారులు ఎన్నిసార్లు గొడవ పడ్డారో పేపర్లు చదివే ఎవరికైనా తెలుసు. క్లాసు అయ్యాక మేము మేడం గారిని అడిగింది ఇదే: "8 కిలోమీటర్ల లోపల మరబోటు కనపడితే ఎవరికి ఫోన్ చెయ్యాల మేడం?" ఆమె కాసేపు ఆగి, "అది మా ప్రోగ్రాంలో లేదు నాన్నా" అన్నారు. ప్రోగ్రాంలో లేకపోవడమే మా ఫిర్యాదు. హోటల్లో ఏం అడగాలో నేర్పే పాఠానికి ఫిషరీస్ ఆఫీసులో ఏం అడగాలో నేర్పడం బరువవుతుందా?

కార్డు మీద ఇంకో తమాషా ఉంది. చెరువులో పెంచిన రొయ్య పచ్చరంగులో ఉంది. సముద్రం మీద భారం తగ్గుతుందంట. నెల్లూరు జిల్లా పిల్లలకు ఈ మాట చెప్తే ఎట్టా నమ్మాలి? రొయ్యకు వేసే మేతలో చేపల పొడి ఉంటుంది. ఆ పొడికి పోయేవాటిలో ట్రాలు వలలో పడి ఒడ్డున గుట్టగా పోసే చిన్న చేపలు కూడా ఉంటాయి. పెరిగితే మనిషి తినాల్సిన చేప పిల్లగా ఉన్నప్పుడే ఎండిపోయి పొడై రొయ్య కడుపులోకి పోతుంది, ఆ రొయ్య ఐసులో విదేశాలకు పోతుంది. పచ్చరంగు వేసేముందు ఇది ఒక్కసారి ఆలోచించాల్సింది.

ఆ చెరువుగట్టు మీద కాపలా ఎవరు? మనోళ్లే. అడ్వాన్సు అని పది వేలో ఇరవై వేలో ఇస్తారు, గుడిసె వేసి ఇస్తారు, మొగుడూ పెళ్లాం పిల్లలు రాత్రీ పగలూ గట్టు మీదే. అడ్వాన్సు తీరదు, గట్టు దిగే వీలుండదు. మాతో ఐదో తరగతి చదివిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు అట్టా గట్ల మీదే ఉండారు. మేము వాళ్లకంటే తెలివిగలవాళ్లమై హాస్టల్‌కు రాలేదు, మా అమ్మానాన్నలు అడ్వాన్సు తీసుకోలేదు కాబట్టి వచ్చాం. ఏ రంగు కార్డు మీదా ఈ లెక్క రాదు.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ గారు వేసిన కేసు అది. చిలికా సరస్సుకు, పులికాట్ సరస్సుకు 1000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని అందులో పేరు పెట్టి రాశారు. సంప్రదాయ పద్ధతిలో చేసేవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మన సరస్సు పేరు దేశంలోనే పెద్ద కోర్టు తీర్పులో ఉందని డిగ్రీ రెండో సంవత్సరం వచ్చేదాకా మాకు తెలియదు. కాడ్ చేప గురించి మాత్రం రెండు గంటలు విన్నాం. 2005లో పార్లమెంటు కోస్తా చెరువులకు వేరే చట్టం చేసింది, కథ మారిపోయింది. దాని గురించి ఇంకో రోజు రాస్తాం, ఇప్పుడు పోనీ.

సరస్సు సంగతి కూడా ఒక ముక్క. పులికాట్‌కు సముద్రపు నీళ్లు వచ్చే దారులు ఇసుకతో పూడిపోతా ఉండాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలో కట్ట పోసి రోడ్డేశారు, నీళ్ల నడక అడ్డం పడింది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి అడవిలో మన యానాదులు బతికినారు, తెలియని తమ్ముళ్లు ఇళ్లలో పెద్దోళ్లను అడగండి. సముద్రపు నీళ్లు రాకపోతే రొయ్యపిల్ల లోపలికి రాదు, మడవ రాదు. ఎండాకాలం వస్తే ఉత్తరం వైపు చాలాచోట్ల నీళ్లు ఉండవు, పగిలిన మట్టే. ఒక నీటివనరులో చేపలు తగ్గితే ప్రతిసారీ "ఎక్కువ పట్టేశారు" అనేది ఒక్కటే కారణం కాదు. ముఖద్వారం పూడ్చిందెవరు, రోడ్డేసిందెవరు, వాగుల్లోకి మురుగు వదిలిందెవరు అని కూడా పాఠంలో ఉండాలి.

ఇంతవరకు చదివి "అంతే కదా అన్నా, పైవాళ్ల ఫ్యాషన్ ఇదంతా" అనుకునే మిత్రులకు ఇప్పుడు చెప్తాం. కార్డు ఫొటో ఈ గ్రూపులో పెట్టినప్పుడు ఒకన్న రాశాడు: "మనోళ్లు పట్టేది గుప్పెడు. మనకెందుకు ఈ పాఠం." దానికి వచ్చినన్ని లైకులు మా పోస్టులకు ఎప్పుడూ రాలేదు. ఆ మాట కూడా తప్పే అంటున్నాం.

గుప్పెడు అనేది నిజమే. కానీ గుప్పిట్లో ఏముందో చూసుకుందాం. అవ్వ చిన్న పీత చేతికి తగిలితే వదిలేసేది. ధర్మం అనుకొని కాదు, దాన్ని కొనేవాడు లేక. ఇప్పుడు చిన్న మండపీతకు కూడా గిరాకీ వచ్చింది, చెరువుల్లో వేసి పెంచడానికి కొంటారు. దాంతో బొటనవేలంత పీతను కూడా వదలడం లేదు. మా నాన్నలే, మా అన్నలే. పండక్కి ఇంటికి పోయినప్పుడు మాలో ఒకడు కూడా పట్టి అమ్మి సెమిస్టర్ ఫీజులో కలిపాడు. దాచుకోవడం ఎందుకు? దోమతెరను వలగా లాగితే దాంట్లోంచి నీళ్లు తప్ప ఏదీ బయటపడదు. అదీ మన కాలనీల్లో ఉంది. కొండ ప్రాంతాల నుంచి వచ్చిన మిత్రులు మా గదిలోనే ఉన్నారు, వాళ్ల వాగుల సంగతి వాళ్లే చెప్పారు. తాతల కాలంలో చెట్టు బెరడు దంచి మడుగులో కలిపి, ఊరంతా కలిసి పట్టి పంచుకునేవాళ్లంట. ఇప్పుడు రాత్రిపూట ఇద్దరొచ్చి బ్లీచింగ్ పౌడర్ పోస్తారు, లేకపోతే పురుగుమందు. కరెంటు తీగ కూడా వేస్తారు. తెల్లారేసరికి ఆ మడుగులో కప్ప కూడా మిగలదు. తీగ పెట్టినవాళ్లే పోయిన ఊళ్లు కూడా ఉన్నాయి.

పెద్దోడు సముద్రం దోచుకున్నాడు కాబట్టి మన వాగును మనం చంపుకోవచ్చు అనేది ఏం వాదం? ట్రాలర్ యజమానికి సముద్రం పోతే ఇంకో వ్యాపారం. మన అవ్వకు సరస్సు పోతే చెరువుగట్టు కాపలా తప్ప ఇంకేముంది? కాబట్టి ఈ పాఠం అందరికంటే మనకే ఎక్కువ కావాలి. కొనేవాళ్ల కోసం రాసిన పాఠం మాత్రం వద్దు. పట్టేవాళ్ల కోసం రాసింది కావాలి.

అట్లాంటి పాఠం ఉంటుందా అంటే, ఉంది. మేడం చూపించిన నీలిరంగు చేప గుర్తు ఉంది కదా, సముద్రపు చేపలకు ప్రపంచమంతా వేసే ముద్ర. మన దేశంలో అది మొదట వచ్చింది ఏ కంపెనీ ఓడకో కాదు. కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో గుల్లలు ఏరే చిన్న మనుషులకు, 2014లో. నీళ్లలో దిగి చేత్తోనూ, చిన్న వలతోనూ గుల్లలు తీసేవాళ్లు వాళ్లు. ఎగుమతి ఆశకు తీసి తీసి, 1990ల మొదట్లో గుల్ల తగ్గిపోయింది. అప్పుడు శాస్త్రవేత్తలు, అక్కడివాళ్లు కూర్చొని నియమాలు పెట్టుకున్నారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, గుడ్లు పెట్టే మూడు నెలలు తీయకూడదు. వల కన్ను ఇంత ఉండాలి. కిలోకు 1400 కంటే ఎక్కువ తూగే చిన్న గుల్ల ఎగుమతికి పనికిరాదు. గుల్ల తిరిగొచ్చింది. ఈ కథ పులికాట్ ఒడ్డున చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తారు? మేడం ముద్ర చూపించారు, ముద్ర వెనక ఉన్న చేతులను చూపించలేదు.

కేరళే 2015లో ఇంకో పని చేసింది. ఏ చేప కనీసం ఎంత పొడవు ఉంటేనే పట్టాలో ఉత్తర్వు ఇచ్చింది. కవళ్లయితే 10 సెంటీమీటర్లు, కానాగంతలయితే 14. పదో తరగతి స్కేలు 15 సెంటీమీటర్లు కాబట్టి పిల్లోడు కూడా కొలవొచ్చు. ఎందుకు అంత పొడవో చెప్తే చాలు, ఒక్కసారైనా గుడ్లు పెట్టనిచ్చి పట్టాలని. దీనికి సూపర్ మార్కెట్ అక్కర్లేదు, ఆన్‌లైన్ అక్కర్లేదు. మన మండపీతకు, మన మడవకు ఇట్లాంటి కొలత మన కాలనీలో మనమే పెట్టుకోవచ్చు. కొనే ఆసామి దగ్గరికి అందరం కలిసి పోయి "ఇంతకంటే చిన్నది తేం, నువ్వు అడగొద్దు" అని చెప్పొచ్చు. ఒక్కరు చెప్తే అప్పు గుర్తు చేస్తాడు. నలభై ఇళ్లు చెప్తే కొంచెం ఆలోచిస్తాడు. ఆయన కూడా వేరే ఊరిపిల్లను కొంటాడనేది మాకు తెలుసు, అందుకే పక్క కాలనీలు కూడా కావాలంటున్నాం.

నియమం ఒకటే సరిపోదు, నియమంలో మన పేరు కూడా ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. 2015కు ముందు 47 రోజులే ఉండేది. మంచి నిషేధం, చేప గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో పని ఆగిన మత్స్యకారుల కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో 10 వేలు చేశారు, 2025లో 20 వేలు చేశారు. ఇవ్వాల్సిందే, వాళ్ల మీద మాకు కడుపుమంట లేదు. కానీ ఆ జాబితాలు బోట్ల లెక్క మీద నడుస్తాయి. బోటు లేనోడు, వల లేనోడు, చేత్తో పట్టేవాడు ఏ లెక్కలో వస్తాడు? ఎండాకాలం సరస్సు ఎండిపోయి రెండు నెలలు మా పొయ్యి కూడా ఆరిపోతుంది, దానికి ఎవరూ నిషేధం అని పేరు పెట్టలేదు కాబట్టి భృతి లేదు. సరస్సులో తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర మత్స్యకార గ్రామాలకు "పాడు" అనే వంతుల పద్ధతి ఉంది. ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో చీటీలు వేసుకుంటారు. ఎంతో కాలం నుంచి వస్తున్న తెలివైన పద్ధతి, పెద్ద చదువులోళ్లు దాని మీద పరిశోధనలు రాశారు. అందులో అక్కడి ఇరుళులకు వంతు లేదు. ఊరి చెరువు వేలం పాటలో మనకు లేనట్టే. చేపను కాపాడే నియమాలు రాసేటప్పుడు మనల్ని బయట నిలబెట్టి, చేపలు తగ్గాక పాఠం చెప్పడానికి లోపలికి పిలుస్తారు.

మేడం గారి కార్డును మేము చించలేదు. గది తలుపుకు అంటించాం. దాని పక్కన ఇంకో కాగితం అంటించాం, అది మేము రాస్తున్నాం. మనోళ్లు పట్టే చేప పేరు మనోళ్ల నోట ఎట్టా పలుకుతారో అట్టాగే, అది ఏ నెలలో గుడ్లతో ఉంటుంది, ఎంత పొడవులో పట్టకూడదు, దేనితో పడతారు, ఇరవై ఏళ్ల కింద ఎంత దొరికేది, ఇప్పుడెంత. ఇప్పటికి పదమూడు పేర్లు అయ్యాయి. అందులో తొమ్మిది అవ్వ ఫోన్లో చెప్పినవే. వంజరం, చందువా గురించి అడిగితే "అవి మనం తినేవి కాదు నాయనా, వాళ్లనే అడుగు" అంది.

కొండ మిత్రులు, నల్లమల మిత్రులు, గోదావరి ఒడ్డు మిత్రులు మీ వాగుల చేపల పేర్లు పంపండి. తెలుగు పేరే అక్కర్లేదు, మీ భాషలో ఏమంటారో అదే తెలుగు లిపిలో రాయండి. గూగుల్లో చూసి రాసినవి పంపొద్దు, పెద్దోళ్లను అడిగి రాసినవే పంపండి. వేసవి సెలవులకు ఏప్రిల్లో ఇళ్లకు పోతాం, నిషేధం కూడా అప్పుడే మొదలవుతుంది. మా మూడు కాలనీల్లో సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి ఆ కాగితమే పాఠంగా చెప్పాలనుకుంటున్నాం, తలా ఒక స్కేలు ఇచ్చి. స్కేళ్లకు డబ్బులు పోగు చేస్తున్నాం, ఒక్కోటి ఐదు రూపాయలు. మేడం గారిని కూడా పిలిచాం, వస్తానన్నారు. ఫిషరీస్ ఆఫీసుకు కూడా అర్జీ రాశాం, ఆ 8 కిలోమీటర్ల ఫోన్ నంబర్ కోసం. జవాబు వచ్చిన రోజు ఇక్కడే పెడతాం, రాకపోతే ప్రతి సోమవారం మళ్లీ ఒకటి రాస్తాం. "మనకెందుకు ఈ పాఠం" అని రాసిన అన్నా, నువ్వు బాపట్ల వైపు వాడివి కదా, మీ కాలువల్లో దోమతెర ఎవరు లాగుతున్నారో కొంచెం కనుక్కొని చెప్పు.